పైది మాది, కిందది మీది

మా ఇంట్లో ఉన్న టీవీకి తెలివి ఉందని దాన్ని అమ్మినవాడు చెప్పాడు. "స్మార్ట్ సార్ ఇది, అన్నీ దానికే తెలుస్తాయి" అన్నాడు. ప్రొద్దుటూరు బజారులో అద్దాల తలుపుల అంగడి అది. గోడ నిండా వరసగా టీవీలు, అన్నిట్లోనూ ఒకే సముద్రం, ఒకే చేప. అతని మాటను ఆ రోజు డైరీలో కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి రాసుకున్నాను. రెవెన్యూ ఆఫీసుల్లో ముప్పై మూడేళ్ళు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఫలానా మనిషి చాలా తెలివైనవాడని ఎవరైనా ముందుగానే చెప్పారంటే, ఆ మనిషి బల్ల మీద ఫైలు కదలదని నా అనుభవం.

ఆ టీవీని నేను కోరి కొనలేదు. నా భార్య కళ్ళ కోసం కొన్నాం. ఆమెకు చూపులో నడిమి భాగం పోతోంది. పక్కలనున్నవి కనిపిస్తాయి, నేరుగా చూసింది మాత్రం మసక. బియ్యంలో రాళ్ళు ఏరలేదు. ఫోనులో సొంత మనవడి ఫోటో చూపించినా "ఎవురిది?" అంటుంది. అదే పెద్ద తెర ముందు గజం దూరంలో కుర్చీ వేసుకుని, తల కొంచెం పక్కకు తిప్పి చూస్తే మొహాలు పోల్చుకోగలదు. ఈ మిగిలిన చూపు ఎంత కాలం ఉంటుందని డాక్టరును అడిగితే, ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకో చీటీ రాసి ఇచ్చాడు.

ఆ కళ్ళతో ఆమె చూడాలనుకున్నది సినిమా కాదు, సీరియలూ కాదు. పదకొండేళ్ళ కిందటి ఒక పొద్దుటిపూటను చూడాలనుకుంది.

ఆమెకు ఒక్కతే అక్క. జమ్మలమడుగులో ఉంటుంది. నాకు వదిన. ఆమె కూతురి పెళ్ళి పులివెందులలో, మగపెళ్ళివారి ఊళ్ళో జరిగింది. మా వైపు పెళ్ళికి ముందు ముత్తైదువులు రోటి దగ్గర చేరి పసుపు కొమ్ములు దంచుతారు. ఒక్కొక్కరినీ బొట్టు పెట్టి పిలవాలి. పెళ్ళికూతురి తల్లికి తోడబుట్టినది ఉంటే రోకలి మొదటి పోటు ఆమెదే. ఈ తంతు మీద నాకు పెద్ద గౌరవం లేదు. పొడి ప్యాకెట్లలో దొరుకుతున్నప్పుడు నాలుగు కొమ్ముల్ని పట్టుచీరలు కట్టుకుని దంచడమేమిటో, దంచినదాన్ని ఎవరూ వాడకపోవడమేమిటో. అయినా ఆ మొదటి పోటు కోసం నా భార్య నెల ముందు నుంచీ చీర ఎంచుకుంటూ ఉందన్న సంగతి నాకు తెలుసు.

ఆ పొద్దున ఆమె కల్యాణ మండపం గదిలో తల దువ్వుకుని పిలుపు కోసం కూర్చుంది. పిలుపు రాలేదు. రోకలి చప్పుడు విని బయటికి వచ్చి చూస్తే, వదిన ఆడబిడ్డ మొదటి పోటు వేస్తోంది. తాళి కట్టేదాకా ఉండి, అన్నం ముట్టకుండా, ముద్దనూరు మీదుగా వచ్చే బస్సెక్కి ఇంటికి వచ్చేశాం.

రెండు రోజులకు వదిన ఫోను చేసింది. "నేనే భరిణె పట్టుకొని వచ్చినా గదే. మీ ఆయనకి చెప్పినా నిన్ను పంపమని. నువ్వు రాకపాయె, ముహూర్తం దాటిపోతాందని మా ఆడబిడ్డతో ఏపిస్తి" అంది. నా భార్య నా వైపు చూసింది. నేను డైరీ తెరిచి చదివి వినిపించాను. "పసుపు దంచడానికి నా భార్యను ఎవరూ పిలవలేదు. ఇది అవమానం." కింద ఎర్ర సిరాతో గీత కూడా ఉంది.

"మా ఆయన పుస్తకంలో రాసినాడు అక్కా" అంది నా భార్య. "నీకు అబద్ధమాడే పని ఉండొచ్చు. పుస్తకానికేం పని?"

ఆ ఫోను పెట్టేశాక పదకొండేళ్ళు అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకోలేదు. మూడేళ్ళ కిందట వదిన భర్త పోయాడు. మేము వెళ్ళాం. నా భార్య ఊరి ఆడవాళ్ళ మధ్య గోడకు ఆనుకుని కూర్చుని, అక్క చెయ్యి పట్టుకోకుండానే లేచి వచ్చింది. ఆ రోజు డైరీలో వెళ్ళిన బస్సు, వచ్చిన బస్సు, వాటి వేళలు ఉన్నాయి. అంతే ఉంది.

మొన్న ఎండాకాలంలో జమ్మలమడుగు నుంచి ఒక బంధువు కవరు తెచ్చి ఇచ్చాడు. అందులో ఒక పెన్ డ్రైవు, దాని చుట్టూ చుట్టిన కాగితం మీద వదిన అక్షరాలు. పులివెందులలో పెళ్ళి వీడియో తీసినవాడు స్టూడియో మూసేస్తూ, కత్తిరించకుండా ఉన్న అసలు వీడియోలను ఎవరివి వాళ్ళకు ఇచ్చేశాడట. "దీంట్లో అంతా ఉండాది. పెద్ద టీవీలో ఏసుకొని చూడమనండి దాన్ని. వచ్చే నెల మనవరాలికి చెవులు కుట్టిస్తాండాం" అని ఉంది.

పెళ్ళప్పుడు అతగాడు ఇచ్చిన డిస్కును నేను అప్పట్లోనే ఒక బంధువుల ఇంట్లో చూశాను. అందులో పెళ్ళికూతురు తామరపువ్వులోంచి పుడుతుంది. పెళ్ళికొడుకు మంచుకొండ మీద నడుస్తాడు. పులివెందుల వాడు, మంచును ఫ్రిజ్జులో తప్ప ఇంకెక్కడా చూసి ఉండడు. ముసలివాళ్ళ తలల చుట్టూ గులాబీలు తిరుగుతాయి. మనుషులు నోళ్ళు కదుపుతుంటారు, ఒక్క మాటా వినపడదు, పైన సినిమా పాట. తాళి కట్టే వేళకు తెర నాలుగు ముక్కలై, నాలుగింటిలోనూ అదే తాళి. ఇప్పుడు అతను ప్లాట్లు అమ్ముతున్నాడని విన్నాను. అక్కడా తామరపువ్వులే చూపిస్తుంటాడు.

కాగితం చదివి వినిపించాక నా భార్య దాన్ని నా చేతిలోంచి తీసుకుని మడత పెట్టింది. తర్వాత అంది: "చూస్తా. అది భరిణె పట్టుకొని వచ్చింటే చెవులు కుట్టేదానికి పోతా. రాకుంటే ఇంక ఈ జన్మకి దాని గడప తొక్కను. కండ్లు ఉన్నప్పుడే తేల్చుకోవాల."

నేను దేన్నైనా ముందు పరిశీలించి, తర్వాత ముందుకు పంపే అలవాటున్న మనిషిని. మధ్యాహ్నం ఆమె పడుకున్నప్పుడు ముందు గదిలోని కంప్యూటర్లో ఆ పెన్ డ్రైవు పెట్టాను. ఏడు ఫైళ్ళు ఉన్నాయి. ఏ ఫైలులో ఏముందో డైరీలో పట్టిక గీసుకుంటూ వరసగా చూశాను. మొదటిది వంటవాళ్ళు. రెండోది అలంకరణ. మూడోది పొద్దుటి టిఫిన్లు. నాలుగో దానికి పట్టిక నింపలేదు.

నాలుగో దాంట్లో మండపం వరండా ఉంది. ప్లాస్టిక్ కుర్చీలో నేనున్నాను. మోకాలి మీద డైరీ, చేతిలో పెన్ను. కెమెరా పట్టినవాడు వేరే దేన్నో తీయబోతూ అటు తిప్పి అక్కడే ఆగినట్టున్నాడు. పచ్చ పట్టుచీరలో వదిన వచ్చింది. చేతిలో కుంకుమ భరిణె.

"ఏమప్పా, మా చెల్లెలు యాడుంది?"

"లోపల తల దువ్వుకుంటాంది."

"బిరీన పంపు. మొదటి పోటు అదే ఎయ్యాల. అది రాందే నేను మొదలుపెట్టను."

"చెప్తా పో."

"రాసేది ఆపి చెప్పప్పా."

"చెప్తా అంటి గదా."

అన్ని మాటల్లోనూ కుర్చీలోని మనిషి తల ఎత్తలేదు. వదిన కాసేపు నిలబడి, అటు ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది. అతను రాస్తూనే ఉన్నాడు. వీడియోలో కింద నిమిషాలు నడుస్తున్నాయి. ఆరు నిమిషాలకు కెమెరా కదిలింది. అప్పటికీ అతను లేవలేదు.

నా పెళ్ళాన్ని పదకొండేళ్ళు ఆమె తోబుట్టువుకు దూరంగా ఉంచినది ఎవరో నాకు అక్కడ తెలిసింది. సర్వీసులో ఉన్నప్పుడు కింది గుమాస్తా ఒకడు అర్జీని కుర్చీ దిండు కింద పెట్టుకుని, రాలేదని నోటు రాస్తే వాణ్ణి నలుగురిలో కడిగేశాను. వాడు నాకంటే మేలు. కనీసం దిండు కింద ఉందని వాడికి తెలుసు.

భార్య లేచి "చూసినావా?" అని అడిగింది.

"కంప్యూటర్లో చిన్నగా ఉంది, ఏమీ తెలియడం లేదు" అన్నాను. ఆ మాట డైరీలో రాయలేదు.

"అయితే టీవీలో పెట్టు."

పెన్ డ్రైవు తీసుకెళ్ళి టీవీ వెనక గుచ్చాను. ఈ రకం ఫైలు నాకు ఆడించడం రాదని టీవీ తెర మీద రాసి చూపించింది. అన్నీ దానికే తెలుస్తాయన్న టీవీ. ఆ అంగడివాణ్ణి నోరారా తిట్టుకున్నాను గాని, లోపల నాకు హాయిగా ఉందన్న సంగతి దాచడం ఎందుకు. కంప్యూటరుకూ టీవీకీ మధ్య పొడుగు తీగ ఒకటి వేస్తే బొమ్మ వచ్చేస్తుంది. ఆ తీగ బజారులో ఎక్కడైనా దొరుకుతుంది. ఆ మాట నేను ఎత్తలేదు.

కానీ నా భార్య ఊరుకునే మనిషి కాదు. పైనింటి ఆయనను పిలిపించింది. కువైట్‌లో పద్దెనిమిదేళ్ళు పనిచేసి వచ్చి ఇక్కడ ఏసీలు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. మా రెండిళ్ళకూ ఇంటర్నెట్ ఒకటే, దాని పెట్టె వాళ్ళింట్లో ఉంటుంది. ఎండాకాలం ఆయన ఫోను ఒక నిమిషం ఊరుకోదు. చెవి దగ్గర ఫోను పెట్టుకునే లోపలికి వచ్చాడు.

"ఇంతేనా సార్. క్యాస్ట్ చేస్తే అయిపాయె."

"ఏం చేస్తే?"

"క్యాస్ట్ సార్. మీ టీవీకి క్యాస్ట్ ఉండాది. కొన్న దినమే చూసినా నేను."

జమ్మలమడుగులోనూ పులివెందులలోనూ నేను పనిచేసిన ఆఫీసుల్లో ఆ మాటకు ఒకటే అర్థం. కాలేజీలు తెరిచే నెలలో తల్లిదండ్రులు వరండా నిండా నిలబడేవాళ్ళు, ఆ ఒక్క మాట ముందు ఒక మాట రాసి సంతకం చేయించుకోవడానికి. అది లేనిదే పిల్లవాడికి సీటు లేదు, ఉంటే ఊళ్ళో కుర్చీ లేదు. ఎన్ని వేల కాగితాల మీద దాన్ని నా చేత్తో నింపానో. మనుషులకు అంటగట్టింది చాలదని టీవీకి కూడా పెట్టారా అనుకున్నాను.

వంటింట్లోంచి నా భార్య గొంతు వచ్చింది. "ఏమయ్యా, సాయం చేసేదానికి వచ్చిన మనిషిని క్యాస్ట్ ఏందని అడుగుతాండావా? రిటైరైనా నీ బుద్ధి పోలేదు."

పైనింటాయన నవ్వాడు. "నాది కాదక్కా, టీవీది."

"టీవీకి ఏం క్యాస్టు?"

"ఏదైనా కానీ" అన్నాను నేను, "దానికి సర్టిఫికెట్ ఇచ్చేది మాత్రం నేను కాదు."

విసరడం అని దాని అర్థమట. ఆయన వేలితో గాలిలో గీసి చూపించాడు. కంప్యూటరు ముందు గదిలో ఉంది, టీవీ హాల్లో ఉంది. మధ్యలో ఒక గోడ, పదడుగుల దూరం. ఆ పదడుగులు దాటడానికి బొమ్మ కంప్యూటర్లోంచి బయల్దేరి, మేడ మీది పెట్టెలోకి ఎక్కి, అక్కణ్ణుంచి మళ్ళీ మా హాల్లోకి దిగుతుంది. కమలాపురం నుంచి ప్రొద్దుటూరుకు రావలసిన కాగితాన్ని కడప మీదుగా తిప్పి పంపే పద్ధతి నాకు బాగా తెలుసు. ఆ పద్ధతి పెట్టిన బుర్రే దీన్నీ పెట్టి ఉంటుంది.

"ఫైలును టీవీకి అర్థమయ్యేటట్ల కంప్యూటరే మార్చి పంపుతాది" అని చెబుతూ ఆయన ఏదో సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. మళ్ళీ ఫోను మోగింది. వేంపల్లెలో ఎవరిదో ఏసీ నీళ్ళు కారుతోంది. గడప దాటుతూ చెప్పాడు: "సార్, కొట్టినాక రెండు టీవీలు కనపడతాయి. రెండూ ఒకే కంపెనీ గదా, పేరు ఒకటే ఉంటాది. పైది మాది, కిందది మీది. చూసి కొట్టండి."

ఆయన వెళ్ళగానే డైరీలో రాసుకున్నాను. "పైది మాది, కిందది మీది" అని ఆయన మాటల్లోనే.

మర్నాడు సాయంత్రం నాలుగు గంటలకు నా భార్య టీవీ ముందు గజం దూరంలో కుర్చీ వేసుకుంది. నేను ముందు గదిలో కూర్చుని మొదటి ఫైలు తెరిచి, నొక్కవలసింది నొక్కాను. ఆయన చెప్పినట్టే జాబితా వచ్చింది. ఒకే పేరు, ఒకదాని కింద ఒకటి, రెండు వరసలు. డైరీ చూసుకుని కింది వరసను నొక్కాను.

"వచ్చిందా?"

"యాడొచ్చింది. మంచు కొండ వచ్చింది."

హాల్లో టీవీ తన సొంత బొమ్మ ఏదో చూపించుకుంటోంది. కంప్యూటరు మాత్రం "టీవీలో ఆడుతోంది" అని రాసి, కింద నిమిషాలు కూడా లెక్కబెడుతోంది. లేని పనిని జరిగినట్టు రాసి, పక్కన వేళలు కూడా వేసే గుమాస్తాలను చాలామందిని చూశాను. వాళ్ళకు కనీసం భయం ఉండేది. దీనికి అదీ లేదు.

"ఆడుతాందంట" అన్నాను.

"యాడ ఆడుతాంది? నీ తలకాయలోనా?"

మొదటి ఫైలు, రెండోది పూర్తయ్యేదాకా అలాగే వదిలేశాను. మధ్యమధ్యలో లేచి హాల్లోకి వచ్చి చూశాను. మంచు కొండ పోయి గుర్రాలు వచ్చాయి. గుర్రాలు పోయి పూలతోట వచ్చింది. మర్నాడు మూడో ఫైలు. కింది వరసే నొక్కాను, మళ్ళీ గుర్రాలు. ఆ మర్నాడు నాలుగోది. ఎక్కడా ఆడనిదాన్ని ఆడించడానికి భయమెందుకు. ధైర్యంగా నొక్కి, వెళ్ళి కాఫీ పెట్టుకున్నాను.

నా భార్య ఆ మూడు రోజులూ కుర్చీలోంచి కదలలేదు. తల పక్కకు తిప్పుకుని గుర్రాలను చూస్తూ కూర్చుంది. మూడో రోజు మాత్రం, "అక్కడ నాకు ఏమీ లేదేమోలే" అంది. ఆ మాటకు నేను బదులు చెప్పి ఉండవలసింది. ఈ యంత్రాలు ఎంత పనికిమాలినవో అరగంట సేపు చెప్పాను.

అప్పుడే పైనింటి ఆమె మెట్లు దిగి వచ్చింది, పైనింటాయన భార్య. రెండు రోజుల కిందట మేమిచ్చిన గిన్నెను తిరిగి ఇవ్వడానికి వచ్చింది. మా వైపు ఖాళీ గిన్నె ఇవ్వరు, అందులో సేమ్యా పోసి తెచ్చింది.

"ఈ పొద్దుది అన్నిటికన్నా బాగుండె అక్కా" అంది.

"ఏది?"

"మీ పెండ్లి వీడియో. మూడు దినాలుగా చూస్తాండా గదా. నాలుగు అయ్యేసరికి పనంతా చేసుకొని కూర్చుంటాండా. మీరు మాకు చూపిచ్చాలని పంపుతాండారని అనుకుంటి. ఆయన అంగట్లో ఉంటాడు, పాపం ఆయనే చూడలేదు."

నా చేతిలో కాఫీ గ్లాసు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు లేదు.

ఆయన చెప్పింది ఇళ్ళ సంగతి. పైన ఉన్నది వాళ్ళ టీవీ, కింద ఉన్నది మా టీవీ. రెండింటిలో ఏది మాదో చూసుకుని కొట్టమన్నాడు. నేను దాన్ని జాబితాలో వరసలుగా తీసుకున్నాను. కంప్యూటరు మూడు రోజులుగా నిజమే చెబుతోంది. ఆడుతూనే ఉంది, పైనింట్లో.

"మా టీవీలో గుర్రాలు తప్ప ఏమీ రాలేదు" అంది నా భార్య మెల్లగా. "ఈ పొద్దు ఏమొచ్చింది?"

"సార్ కుర్చీలో కూచ్చొని రాసుకుంటా ఉండె. ఎంత సన్నగుండె సార్ అప్పుడు. మీ ముక్కు లాంటి ముక్కు ఒకామె వచ్చె, పచ్చ చీర. చేతిలో చిన్న గిన్నె మాదిరి, మూత పెట్టింది."

"భరిణె."

"ఏమో అక్కా. మా చెల్లెల్ని పంపప్పా, అది రాందే నేను మొదలుపెట్టను అనె. సార్ తలకాయ ఎత్తలేదు. చెప్తా పో అనె. ఆమె కొంచేపు చూసి పాయె. సార్ రాస్తానే ఉండె, రాస్తానే ఉండె. ఎంత ముఖ్యమైన రాతో అనుకుంటి నేను."

నా భార్య నా వైపు తిరిగింది. నేరుగా చూస్తే నేను ఆమెకు కనపడను. అందుకని తల కొంచెం పక్కకు తిప్పి చూసింది. ఆమె అలా చూసినంతసేపు నేను నిలబడి ఉన్నాను.

"నీకు తెలుసు" అంది.

"మొన్న కంప్యూటర్లో చూశాను."

"తెలిసీ మూడు దినాలు నన్ను గుర్రాల ముందర కూచ్చోబెట్టినావు."

పైనింటామెకు ఏదో తప్పు మాట అన్నానని భయం వేసింది. నా భార్య లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. "నన్ను పైకి తీసుకుపో. నేను చూడాల."

వాళ్ళు మెట్లెక్కారు. నేను కంప్యూటరు ముందు కూర్చుని, నాలుగో ఫైలు మళ్ళీ తెరిచి, ఈసారి తెలిసే కింది వరసను నొక్కి, పైకి వెళ్ళాను. వాళ్ళ హాల్లో మా మండపం ఆడుతోంది. నా భార్య టీవీకి గజం దూరంలో నిలబడి ఉంది, కుర్చీ వేసినా కూర్చోలేదు. వదిన వచ్చింది. నా భార్య ఇంకో అడుగు ముందుకు వేసింది.

"అక్క ఎంత బాగుండె" అంది. తెర వైపు వేలు చూపి, "ఎనకల బావ. అరటి పిలకలు మోసుకొని పోతాండాడు చూడు" అంది.

నేను కంప్యూటర్లో మూడు సార్లు చూసి ఉంటాను, వెనక నడిచిపోతున్న మనిషిని గమనించలేదు. వదిన భర్త భుజం మీద అరటి పిలకలు పెట్టుకుని, ఎవరినో కేకేస్తూ, తెర ఈ చివరి నుంచి ఆ చివరికి పోయాడు. నా కళ్ళకు జబ్బేమీ లేదు.

నన్ను కిందకు పంపి ఇంకో రెండు సార్లు వేయించింది. నేను మెట్లు దిగడం, నొక్కడం, ఎక్కడం. మూడోసారి అయ్యాక అడిగింది: "ఆపొద్దు అంత గట్టిగా ఏం రాస్తాంటివి?"

ఇద్దరం కిందికి వచ్చాక ఆ సంవత్సరం డైరీ తీసి చదివి వినిపించాను. ఆ వేళకు ఒకటే వాక్యం ఉంది, మిగతాదంతా మండపంలో ఫ్యాన్లు ఎన్ని, కుళాయిలు ఎన్ని అన్న వివరం. "ఉదయం ఏడుకు ఉప్మా. ఉప్పు తక్కువ."

ఆమె టీవీ ముందున్న తన కుర్చీలో కూర్చుంది. తర్వాత అంది: "తక్కువేం కాదు. సరిగ్గానే ఉండె."

ఆ సాయంత్రమే అక్కకు ఫోను చేసింది. నేను అక్కడే కూర్చున్నాను, లేచిపోవడం ఇంకా నీచంగా ఉంటుందని.

"అక్కా, చూసినా."

అవతల వదిన గొంతు గట్టిది, నాకూ వినపడింది. "ఇప్పుడు నమ్మినావా? నా నోటితో చెప్తే నమ్మలా. టీవీ చెప్తే నమ్మినావా?"

"మా టీవీ కూడా కాదక్కా. పైనోళ్ళ టీవీ."

అవతల నుంచి నవ్వు వచ్చింది, అది నవ్వుగా ఎక్కువసేపు నిలవలేదు. "ఉండాడా మీ ఆయన?" అంది వదిన. "ఉండాడు, ఈడే కూచ్చోనుండాడు" అంది నా భార్య. "ఉండనీలే" అంది వదిన. నా గురించి ఇద్దరూ అనుకున్నది అంతే. ఇంకొంచెం అనుకుని ఉంటే బాగుండేది.

డైరీలో కొట్టివేతలు నాకు అలవాటు లేదు. ఆ ఎర్ర గీత వాక్యం అలాగే ఉంది. దాని కింది ఖాళీలో, "పై వాక్యం అబద్ధం. పిలుపు వచ్చింది. నాకే వచ్చింది" అని రాసి తేదీ వేసి సంతకం పెట్టాను.

చెవులు కుట్టేదానికి జమ్మలమడుగు వెళ్ళాం. వదిన ఇంటి వసారాలో నాకొక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. దాన్ని చూడగానే వీడియోలోని కుర్చీ కళ్ళ ముందుకు వచ్చింది. ఆడవాళ్ళు హాల్లో చేరారు. వదిన కూతురు, అప్పటి పెళ్ళికూతురు, కుంకుమ భరిణె పట్టుకుని ఒక్కొక్కరికీ బొట్టు పెడుతూ నా భార్య దగ్గరికి వచ్చింది. నా భార్య మొహం వెనక్కు తీసుకుంది.

"నువ్వు కాదు పాపా. మీ అమ్మను రమ్మను."

"అమ్మ ఎట్ల పెడతాది పిన్నీ" అంది ఆ పిల్ల గొంతు తగ్గించి. వదిన వంటింట్లోనే ఉంది. మూడేళ్ళ నుంచి ఇట్లాంటి పనుల్లో ఆమె వంటింట్లోనే ఉంటుంది. భర్త పోయిన ఆడది శుభకార్యంలో భరిణె ముట్టగూడదు. ఈ నియమాన్ని కాపాడడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు, చుట్టూ కూర్చున్నవాళ్ళ మొహాలు చాలు. ఆ మొహాలన్నీ ఒక్కసారి నా భార్య వైపు తిరిగాయి. కళ్ళు సరిగా కనపడకపోవడంలో ఒక సుఖం ఉంటే, అది ఆ పూట ఆమెకు దక్కింది.

"ఆపొద్దు భరిణె పట్టుకొని వచ్చింది అదే" అంది అందరికీ వినపడేలా. "నాకు అందలేదు. ఇప్పుడు అదే వచ్చి పెట్టాల. ల్యాకుంటే నా మొహం ఇట్లనే ఉంటాది, మీరు కానియ్యండి."

ఒక పెద్దామె ఏదో గొణిగింది. వంటింటి గడప దగ్గర వదిన కనపడింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, కూతురి చేతిలోంచి భరిణె తీసుకుంది. నా దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"ఏమప్పా, యాడుంది మా చెల్లెలు?"

"ఆ పక్క కూర్చుంది వదినా."

"పుస్తకం తేలేదా?"

"తెచ్చాను."

"తీసి రాసుకో అయితే. ఈసారి చూసి రాసుకో."

ఆమె వెళ్ళి చెల్లెలి ముందు కూర్చుంది. వేలితో కుంకుమ తీసింది. బొట్టు నొసటి నడుమ కాకుండా కొంచెం పక్కకు పడింది, సరిచేయబోతే నా భార్య ఆ చేతిని పట్టుకుని ఆపేసింది. నేను డైరీ తీశాను. వాళ్ళ మీద నుంచి చూపు తిప్పకుండా ఒక వాక్యం రాశాను. కాగితం వైపు చూడకుండా రాసింది కాబట్టి అక్షరాలు గీత మీద నిలవలేదు, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. దాన్ని మళ్ళీ శుభ్రంగా తిరగరాయలేదు.